ఒకే వంశవృక్షంలో కన్నూ, మనసూ

పెళ్లి సంబంధం మాట వచ్చిందంటే మనవాళ్లు "అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలి" అంటారు. చదువు, ఉద్యోగం, ఆస్తిపాస్తుల సంగతి అందరి ముందూ అడుగుతారు. గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలు వేరే ఉంటాయి. "ఆ ఇంట్లో ఎవరికైనా చూపు పోయిందా?" అన్నది ఒకటి. "ఎవరికైనా మతి చలించిందా?" అన్నది ఇంకొకటి. దేనికి అవునని జవాబు వచ్చినా ఆ సంబంధం అక్కడితో ఆగిపోతుంది. ఆ ఇంటి ఆడపిల్ల పేరు మీద ఒక మచ్చ మాత్రం మిగిలిపోతుంది.

ఈ రెండు ప్రశ్నలకీ మధ్య చుట్టరికం ఉందా? చూపు పోవడానికీ, మనసు చెదరడానికీ ఒకే మూలం ఉంటుందా? చాలా ఇళ్లలో ఉండదు. శుక్లాలు వచ్చిన తాతగారికీ, డిప్రెషన్ వచ్చిన మనవరాలికీ ఏ సంబంధమూ లేకపోవచ్చు. కానీ కొన్ని అరుదైన వంశాల్లో ఆ రెండూ ఒకే జన్యువు నుంచి, లేదా పక్కపక్కనే ఉన్న జన్యువుల నుంచి వస్తాయి. ఈ సంగతి తేలడానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది. ఆ శతాబ్దపు కథే ఈ వ్యాసం. నేను చదివింది బి.ఏ. తెలుగు, డాక్టర్ని కాను. కాబట్టి దీన్ని వైద్య సలహాలా కాక చరిత్రలాగే చదవండి.

వంశం లెక్కలు గుర్తుపెట్టుకునేది ఎక్కడైనా ఆడవాళ్లే. మా అమ్మమ్మ ఏ శుభకార్యంలో కూర్చున్నా, ఎవరు ఎవరి పిల్లలో, ఎవరికి ఏ జబ్బు వచ్చి పోయారో నాలుగు తరాలు వరసగా చెప్పేది. ఆ జ్ఞాపకాన్నే కాగితం మీద గీతలుగా గీస్తే దాన్ని డాక్టర్లు వంశవృక్షం అంటారు. ఈ పనిలో జీవితమంతా గడిపిన ఒకావిడ పేరు జూలియా బెల్.

జూలియా బెల్ 1879లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లోని గర్టన్ కాలేజీలో లెక్కలు చదివారు. పరీక్ష రాయనిచ్చారు గానీ, ఆడవాళ్లకు అప్పట్లో కేంబ్రిడ్జ్ డిగ్రీ ఇచ్చేది కాదు. డిగ్రీ కోసం ఆవిడ డబ్లిన్ వెళ్లాల్సి వచ్చింది. తర్వాత లండన్‌లోని గాల్టన్ ప్రయోగశాలలో గణాంకాల పనిలో చేరారు. వంశపారంపర్య జబ్బుల్ని అర్థం చేసుకోవాలంటే లెక్కలు ఒక్కటే చాలవని, మళ్లీ విద్యార్థిగా మారి వైద్యం చదివి, 1920లో డాక్టరయ్యారు. అప్పటికి ఆవిడకు నలభై దాటాయి! నలభై దాటాక కొత్త చదువు ఏమిటని మనల్ని అడిగేవాళ్లకు ఈ ఒక్క పేరు చెప్తే చాలు. ఎనభై ఆరేళ్లకు గానీ ఆవిడ పని మానలేదు. నూరేళ్లు బతికి 1979లో కన్నుమూశారు.

ఆవిడ చేసిన పని ఏమిటంటే, దేశదేశాల డాక్టర్లు రాసిన కుటుంబ వివరాలన్నీ పోగుచేసి, ఒక్కో జబ్బుకు వందల వంశవృక్షాలు గీసి పుస్తకాలుగా వెయ్యడం. 1920ల నుంచి వచ్చిన ఆ సంపుటాల్లో కంటి జబ్బులకు పెద్ద పీట వేశారు. రేచీకటితో మొదలై మెల్లగా చూపు పోయే రెటినైటిస్ పిగ్మెంటోసా, రంగులు సరిగా తెలియకపోవడం, యువకుల్లో కంటి నరం ఎండిపోయే లెబర్ వ్యాధి, అన్నీ అందులో ఉన్నాయి. కంటి జబ్బుల్ని ముందు ఎంచుకోవడంలో అర్థం ఉంది. చూపు పోతే ఎవరూ దాచలేరు, ఇరుగుపొరుగుకీ తెలుస్తుంది. మనసు జబ్బును మాత్రం ఏ ఇల్లయినా వెనకగదిలో దాచేస్తుంది. చుట్టాలకు చెప్పేటప్పుడు "కాస్త కోపం ఎక్కువ" అనో, "ఎవరితోనూ కలవడు" అనో సర్దేస్తుంది.

జూలియా బెల్ చేసిన రెండు పనులు మన కథకు ముఖ్యం. 1937లో జె.బి.ఎస్. హాల్డేన్‌తో కలిసి ఆవిడ ఒక సంగతి చూపించారు. రంగులు తెలియకపోవడమూ, రక్తం గడ్డకట్టని హీమోఫిలియా జబ్బూ కొన్ని కుటుంబాల్లో జంటగా తరాలు దాటుతున్నాయి. రెండింటికీ వేరే వేరే జన్యువులే ఉన్నా, అవి ఒకే క్రోమోజోమ్ మీద దగ్గరగా ఉన్నాయి కాబట్టి కలిసి ప్రయాణం చేస్తున్నాయి. మనుషుల్లో జన్యువులకు ఇరుగుపొరుగు ఉంటుందని తేల్చిన తొలి రుజువుల్లో అది ఒకటి. ఈ ఇరుగుపొరుగు మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పని పడుతుంది. రెండోది 1943 నాటిది. జేమ్స్ పర్డన్ మార్టిన్ అనే డాక్టరుతో కలిసి, పదకొండు మంది మగవాళ్లకు మానసిక ఎదుగుదల లోపం ఉన్న ఒక వంశాన్ని గీసి, అది తల్లుల వైపు నుంచి కొడుకులకు అందుతోందని చూపించారు. ఇప్పుడు మనం ఫ్రాజైల్ ఎక్స్ అంటున్న జబ్బు అదే. కంటి జబ్బులకు గీసినట్టే మెదడు జబ్బులకూ వంశవృక్షం గీయొచ్చని అలా తెలిసింది.

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. ఆవిడ పనిచేసిన ప్రయోగశాలకు ఎవరి పేరు పెట్టారో ఆ ఫ్రాన్సిస్ గాల్టనే 1883లో "యూజెనిక్స్" అన్న మాట పుట్టించాడు. మంచి వంశాలు పెరగాలి, "పనికిరాని" వంశాలు ఆగిపోవాలి అన్నది ఆ మాటకు అర్థం. అమెరికాలో లూసియన్ హౌ అని పేరున్న కంటి డాక్టర్ ఉండేవాడు. పుట్టిన బిడ్డల కళ్లలో మందుచుక్కలు వేయించే చట్టం కోసం పాటుపడి ఎందరో పసివాళ్ల చూపు కాపాడిన మనిషి. ఆ మనిషే తర్వాత, వంశపారంపర్యంగా అంధత్వం ఉన్నవాళ్ల పెళ్లిళ్లు ఆపే చట్టం కావాలని పట్టుబట్టాడు. అది నెగ్గలేదు.

జర్మనీలో మాత్రం అలాంటిది నెగ్గింది. హిట్లర్ ప్రభుత్వం 1933 జూలైలో ఒక చట్టం చేసింది. ఎవరెవరికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యాలో అందులో ఒక జాబితా ఉంది. వంశపారంపర్య అంధత్వం, వంశపారంపర్య చెవుడు, స్కిజోఫ్రీనియా, ఉన్మాదమూ దిగులూ మారిమారి వచ్చే జబ్బు, మూర్ఛ, అన్నీ అదే జాబితాలో ఉన్నాయి. సుమారు నాలుగు లక్షల మందికి ఆపరేషన్లు చేశారు. వాటివల్ల చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. కన్నూ, మనసూ ఒకే కాగితం మీదికి ఎక్కాయి సరే, ఆ కాగితం వాళ్లను అర్థం చేసుకోవడానికి రాసింది మాత్రం కాదు. అందుకే వంశం లెక్క అంటే ఆ తర్వాత చాలా కాలం కుటుంబాలు భయపడ్డాయి, డాక్టర్లు కూడా జంకారు.

ఆ చట్టం వచ్చిన ఐదేళ్లకు, 1938లో, అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో మేయో క్లినిక్ డాక్టర్లు ఇద్దరు ఒక చిన్న నివేదిక ప్రచురించారు. వాళ్లు డోనాల్డ్ వుల్ఫ్రమ్, కంటి వైద్యుడు హెన్రీ వాగనర్. ఒకే తల్లి బిడ్డలు నలుగురికి చిన్నతనంలోనే షుగర్ వచ్చింది, తర్వాత కంటి నరం ఎండిపోయి చూపు తగ్గిపోయింది. మామూలుగా షుగర్ వల్ల కంటి వెనకున్న రెటీనా పాడవుతుంది. ఈ పిల్లల్లో అలా కాలేదు. కంటి నుంచి మెదడుకు వెళ్లే నరమే పాలిపోయింది. ఇది షుగర్ ముదిరి వచ్చినది కాదు, రెండూ కలిసి వంశంలోనే వచ్చాయని వాళ్లు గమనించారు. అందుకే దానికి వుల్ఫ్రమ్ సిండ్రోమ్ అని పేరు వచ్చింది.

ఈ జబ్బు అంతకు ముందు ఎందుకు ఎవరి కంటా పడలేదు? ఇన్సులిన్ మొదటిసారి మనిషికి ఇచ్చింది 1922 జనవరిలో, టొరంటో నగరంలో. అంతకు ముందు పసితనంలో షుగర్ వస్తే ఆ పిల్లలు ఎక్కువకాలం బతికేవాళ్లు కాదు. చూపు పోయే వయసు దాకా ప్రాణం నిలిచాకే ఆ రెండో జబ్బు బయటపడింది. ఒక మందు ప్రాణం నిలబెట్టేసరికి, దాని వెనక దాక్కున్న ఇంకో కథ కనిపించింది.

తర్వాతి నలభై ఏళ్లలో జాబితా పెరిగింది. ఈ పిల్లలకు చెవుడు కూడా వస్తోందని, ఒంట్లో నీరు నిలవక అతిమూత్రం అవుతోందని ఒక్కొక్కటే చేర్చారు. 1977లో ఫ్రేజర్, గన్ అనే ఇద్దరు అనేక కుటుంబాల వివరాలు పరిశీలించి, తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి, రెండు లోపపు ప్రతులు చేరితేనే జబ్బు వస్తుందని చెప్పారు.

దీన్ని మన వంటింటి భాషలో చెప్తాను. ప్రతి మనిషి దగ్గరా ఒకే వంటకానికి కొలతలు రాసిన రెండు నోటుపుస్తకాలు ఉంటాయనుకోండి. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఒకదాంట్లో ఆ పేజీ తడిసి అక్షరాలు చెరిగిపోయినా, రెండోదాన్ని చూసి వండేయొచ్చు. వంట బాగానే వస్తుంది, పేజీ చెరిగిన సంగతి ఎవరికీ తెలియదు. అలాంటివాళ్లను వాహకులు అంటారు. రెండు పుస్తకాల్లోనూ అదే పేజీ చెరిగిపోయిన బిడ్డకే కష్టం. అమ్మానాన్నలు ఇద్దరూ ఆరోగ్యంగా ఉండి బిడ్డకు ఇలాంటి జబ్బు వస్తే, "ఎక్కడినుంచి వచ్చింది ఇది, మా వైపు ఎవరికీ లేదే" అని కోడలి వైపు చూసే ఇళ్లు ఎన్నో. ఆ పేజీ ఇద్దరి పుస్తకాల్లోనూ చెరిగి ఉంటే తప్ప ఈ జబ్బు రాదు. నింద వెయ్యడానికి ఒక వైపు అంటూ లేదు.

అన్నీ జాబితాలోకి ఎక్కాయి గానీ మనసు ఎక్కలేదు. పదేళ్లు దాటని పిల్లకు షుగర్ వచ్చి, పన్నెండో ఏట పుస్తకంలో అక్షరాలు మసకబారి, ఆ తర్వాత చెవులు కూడా మందగిస్తే ఆ పిల్ల దిగులుపడదా? ఏడవదా? "పాపం, చూపు పోయింది కదా, ఎవరైనా అలాగే అయిపోతారు" అని ఇంట్లోవాళ్లూ అన్నారు, డాక్టర్లూ అన్నారు. అందులో జాలి ఉంది, చాలావరకు నిజమూ ఉంది. అయితే ఆ జాలే అసలు ప్రశ్నను కప్పేసింది. ఈ దిగులు చూపు పోయినందుకు వచ్చిందా, లేక చూపును పోగొట్టినదే మనసును కూడా తాకిందా?

ఇదే ప్రశ్న ఐరోపాలో వేరే జబ్బుల దగ్గర కూడా వచ్చింది. స్వీడన్‌లో బెర్టిల్ హాల్‌గ్రెన్ అనే మానసిక వైద్యుడు 1959లో, పుట్టుచెవుడూ రెటినైటిస్ పిగ్మెంటోసా కలిసి వచ్చే కుటుంబాలను పరిశీలించాడు. దాన్ని ఇప్పుడు అషర్ సిండ్రోమ్ అంటారు. వాళ్లలో దాదాపు నాలుగోవంతు మందికి తీవ్రమైన మనోవ్యాధి లక్షణాలు ఉన్నాయని రాశాడు. ఇదీ జన్యువు పనేనని కొందరన్నారు. వినపడక, కనపడక, మాట్లాడే మనిషి లేక ఒంటరైపోయిన బతుకు ఎవరి మనసునైనా చెదరగొడుతుంది కదా అని ఇంకొందరన్నారు. ఆ రోజుల్లో ఈ వాదన తేల్చే దారి లేదు.

డెన్మార్క్‌లో ఇంకో కథ నడిచింది. పుడుతూనే చూపులేని మగపిల్లల గురించి గోర్డన్ నోరీ అనే కంటి డాక్టర్ 1927లో రాశాడు. ముప్ఫై నాలుగేళ్ల తర్వాత, 1961లో, మెట్టె వార్‌బర్గ్ అనే కంటి డాక్టరమ్మ అలాంటి జబ్బున్న ఒక కుటుంబం చరిత్రను ఏడు తరాల దాకా తవ్వి తీసి, దానికి నోరీ వ్యాధి అని పేరు పెట్టారు. మన పెద్దవాళ్లు అనే ఏడు తరాలు ఆవిడ నిజంగానే చూశారన్నమాట! కొందరిలో అంధత్వంతో ఆగలేదనీ, చెవుడు వచ్చిందనీ, మరికొందరిలో మానసిక ఎదుగుదల తగ్గిందనీ, మనసు చెదిరిందనీ ఆవిడ రాశారు. మానసిక వైకల్యం ఉన్నవాళ్ల కళ్లను చూడటమే ఆవిడ తన వృత్తిగా చేసుకున్నారు. "వీడికి తెలివే లేదు, కళ్లు పరీక్షించి ఏం లాభం" అని అందరూ వదిలేసిన పిల్లల్ని దగ్గర కూర్చోపెట్టుకుని పరీక్షించారు కాబట్టే ఆ రెండింటి సంబంధం ఆవిడకు కనిపించింది.

మళ్లీ వుల్ఫ్రమ్ దగ్గరికి వద్దాం. 1990లో అమెరికాలో ఆర్.జి. స్విఫ్ట్, మైకేల్ స్విఫ్ట్, వాళ్ల సహచరులు అరవై మందికి పైగా వుల్ఫ్రమ్ రోగుల ఆసుపత్రి కాగితాలన్నీ తెప్పించి చదివారు. సగానికి మించిన మందికి మానసిక ఇబ్బందులు ఉన్నాయి. ప్రతి నలుగురిలో ఒకరికి అవి ఎంత తీవ్రమంటే, మానసిక వైద్యశాలలో చేర్చాల్సి వచ్చింది, లేదా వాళ్లు ప్రాణం తీసుకోవాలని ప్రయత్నించారు. ఆ కాగితాలు ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లోనే ఉన్నాయి. షుగర్ ఒక ఫైల్లో, కన్ను ఒక ఫైల్లో, మనసు ఇంకో ఫైల్లో. మూడింటినీ ఒకచోట పెట్టి చదివినవాళ్లు లేరు, అంతే.

అయినా పాత ప్రశ్న పోలేదు. అన్ని కష్టాలు ఉన్న మనిషికి దిగులు రాక ఏం వస్తుంది? దీనికి స్విఫ్ట్ బృందం ఎంచుకున్న దారి నాకు చాలా నచ్చింది. వాళ్లు రోగుల్ని వదిలి వాళ్ల బంధువుల వైపు చూశారు. నోటుపుస్తకాల్లో ఒక్కదాంట్లోనే పేజీ చెరిగిన వాహకులకు చూపు బాగానే ఉంటుంది, షుగర్ కూడా ఈ జబ్బు రూపంలో రాదు. కాబట్టి చూపు పోయిన దిగులు అన్న కారణం వాళ్లకు వర్తించదు. అలాంటివాళ్లలో మానసిక వైద్యశాలలో చేరినవాళ్లు, అదే కుటుంబంలో వాహకులు కానివాళ్లకంటే ఎక్కువగా ఉన్నారని వాళ్లు లెక్క తేల్చారు. అంటే మనసు మీద ఆ జన్యువుకు సొంతంగా ఏదో పట్టు ఉండి ఉండాలి.

ఆ జన్యువు ఎక్కడుందో 1994లో తెలిసింది, నాలుగో క్రోమోజోమ్ మీద. 1998లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు అసలు జన్యువునే పట్టుకున్నారు. జర్మనీలో ఇంకో బృందం కూడా అదే ఏడాది పట్టుకుంది. పేరు డబ్ల్యూఎఫ్ఎస్1. నలుగురు పిల్లల కథ రాసిన అరవై ఏళ్లకు కారణం దొరికింది.

ఆ జన్యువు చేసే పని ఇంటిపనిలాంటిదే. మన ఒంట్లో ప్రతి కణంలోనూ, తయారైన ప్రొటీన్లను సరిగ్గా మడతపెట్టి పంపే ఒక గది ఉంటుంది. ఉతికిన బట్టలు మడతపెట్టే గదిలాంటిదనుకోండి. డబ్ల్యూఎఫ్ఎస్1 తయారుచేసే వుల్ఫ్రమిన్ అనే ప్రొటీన్ ఆ గదిని సవ్యంగా నడిపిస్తుంది. అది లేకపోతే మడతపెట్టని బట్టలు గుట్టలుగా పేరుకుపోతాయి. పని తక్కువున్న ఇల్లయితే ఎలాగో నెట్టుకొస్తుంది. రాత్రింబవళ్లు పనిచేసే ఇల్లు తట్టుకోలేక కూలిపోతుంది. ఒంట్లో అలా రాత్రింబవళ్లు పనిచేసేవి ఇన్సులిన్ తయారుచేసే కణాలు, కంటి నరపు కణాలు, చెవిలోపలి కణాలు, మెదడు కణాలు. జాబితాలో ఉన్నవన్నీ అవే కదా! సంబంధం లేనట్టు కనిపించిన జబ్బులన్నీ ఒకే గదిలో మొదలయ్యాయి.

కన్నూ మెదడూ కలిసి దెబ్బతినడంలో ఇంకో సంగతి కూడా ఉంది. తల్లి కడుపులో నాలుగో వారంలో, బిడ్డ మెదడు ముందుభాగం నుంచే రెండు చిన్న బుడగలు బయటికి పెరుగుతాయి. అవే రెటీనా, కంటి నరం అవుతాయి. అంటే కన్ను మెదడుకు పక్కింటిది కూడా కాదు, దాని సొంత గడపే. మెదడులో పనిచేసే జన్యువులు ఎన్నో కంట్లోనూ పనిచెయ్యడంలో వింత లేదు.

నోరీ వ్యాధి ముడి మాత్రం ఇంకో రకంగా విడింది. దాని జన్యువు 1992లో దొరికింది, ఎక్స్ క్రోమోజోమ్ మీద. దాని పక్కనే ఎంఏఓ అనే రెండు జన్యువులు ఉన్నాయి. మన మనఃస్థితిని నడిపే సెరటోనిన్ లాంటి రసాయనాలను విరిచేసే ఎంజైములు వాటి నుంచి తయారవుతాయి. 1950లలో క్షయకు ఇచ్చిన ఇప్రోనియాజిడ్ అనే మందుతో రోగుల్లో అనుకోని హుషారు వచ్చింది. అది ఎంఏఓను ఆపడం వల్లనే అని తెలిసి, డిప్రెషన్‌కు తొలి మందుల్లో ఒకటిగా వాడారు. నోరీ వ్యాధి ఉన్న కొందరు పిల్లల్లో నోరీ జన్యువుతో పాటు ఆ పక్కనున్న ఎంఏఓ జన్యువులు కూడా ఊడిపోయాయి. వాళ్లలోనే మెదడు, మనసు ఇబ్బందులు మరీ ఎక్కువ. జూలియా బెల్ 1937లో చూపించిన ఇరుగుపొరుగు లెక్కే ఇక్కడా పనిచేసింది. ఒక ఇల్లు కూలితే పక్కింటి గోడ కూడా పడింది.

ఇదంతా చదివి "అమ్మో, అయితే కళ్లు పోయే వంశమంటే మతి కూడా పోతుందన్నమాట" అని ఎవరైనా అనుకుంటే ఈ వ్యాసం రాసిన ఫలితం లేదు. అందుకే మిగతా లెక్కలు కూడా చెప్పాలి. 1995లో బ్రిటన్ అంతటా వెతికిన తిమోతి బారెట్, సారా బండీ బృందానికి నలభై ఐదుగురు వుల్ఫ్రమ్ రోగులు దొరికారు. ఏడు లక్షల డెబ్భై వేల మందిలో ఒకరికి వచ్చే జబ్బు అది. సగటున ఆరేళ్లకు షుగర్, పదకొండేళ్లకు చూపు దెబ్బతినడం. అదే లెక్క ప్రకారం వాహకులు మాత్రం 350 మందిలో ఒకరుంటారు. పెద్ద ఊరిలో వందల మంది అన్నమాట. వాళ్లలో చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా పిల్లల్ని కని, పెంచి, మనవల్ని ఎత్తుకునే ఉంటారు. స్విఫ్ట్ బృందం తర్వాత, డిప్రెషన్ ఉన్న మామూలు రోగుల్లో ఈ జన్యువు లోపం కోసం వెతికిన అధ్యయనాలకు ఒకే జవాబు రాలేదు. కొన్నింటిలో కనిపించింది, కొన్నింటిలో కనిపించలేదు. ఇటీవల చిన్న వయసు రోగులను చూసిన డాక్టర్లకు మునుపటి అంత తీవ్రత కనపడలేదు, ఆందోళన లాంటివే ఎక్కువగా కనిపించాయి. ఒక జన్యువు మనసును కాస్త బరువెక్కించగలదు. ఆ బరువు ఎంతవుతుందో చుట్టూ ఉన్న ఇల్లు, మాట, చికిత్స కూడా నిర్ణయిస్తాయి.

మనకు దగ్గరి సంగతి మేనరికం. మేనమామనో, మేనమామ కొడుకునో, మేనత్త కొడుకునో చేసుకునే ఆచారం మన ప్రాంతంలో తరతరాలుగా ఉంది. హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడినప్పుడు ఆయన దగ్గర చేరిన శిష్యుల్లో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. ఆయన పి. మీరాఖాన్‌తో కలిసి 1960ల మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్లు ఎన్ని జరుగుతున్నాయో, వాటి ఫలితాలేమిటో లెక్కలు కట్టి ప్రచురించారు. జూలియా బెల్‌తో పనిచేసిన హాల్డేన్ చేతిమీదుగా ఆ విద్య మన ఊళ్ల దాకా వచ్చిందనుకుంటే నాకు భలే ముచ్చటగా ఉంటుంది. నోటుపుస్తకాల లెక్క ప్రకారం మేనరికంలో జరిగేది ఇదీ. భార్య పుస్తకమూ, భర్త పుస్తకమూ ఒకే అమ్మమ్మ పుస్తకం చూసి ఎత్తిరాసినవి కావచ్చు. అమ్మమ్మ పుస్తకంలో చెరిగిన పేజీ ఇద్దరిలోనూ చెరిగే ఉండొచ్చు. అందుకే రెండు వైపుల నుంచీ రావాల్సిన జబ్బులకు అక్కడ అవకాశం పెరుగుతుంది. మేనరికం చేసుకున్న జంటల్లో ఎక్కువమందికి ఆరోగ్యమైన పిల్లలే పుడతారు. జరిగిపోయిన పెళ్లిని తిట్టుకోవడం వల్ల లాభం లేదు. జన్యు సలహా అడగడం వల్ల లాభం ఉంది. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో వంశపారంపర్య కంటి జబ్బుల జన్యువుల మీద ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. ఇలాంటి ప్రశ్నలు అడగడానికి మనవాళ్లు ఇప్పుడు ఏ విదేశానికీ పోనక్కర్లేదు.

ఈ చరిత్రంతా చదివాక నాకు ఒక్క విషయం గట్టిగా అనిపించింది. వంశం లెక్క ఎప్పుడూ ఉంది, దాన్ని ఎందుకు అడుగుతున్నామన్నదే మారింది. వేరు చెయ్యడానికి అడిగినప్పుడు అది జర్మనీలో చట్టమైంది, మన ఇళ్లలో ఆడపిల్లల మీద మచ్చ అయ్యింది. ఆదుకోవడానికి అడిగినప్పుడు, చూపు తగ్గుతున్న పిల్లకు ముందే బ్రెయిలీ నేర్పించాలన్న ఆలోచన వచ్చింది. ఆ పిల్ల మాట్లాడటం మానేస్తే "చూపు పోయిందిగా, అలాగే ఉంటుంది" అని ఊరుకోకుండా మానసిక వైద్యుడికి చూపించాలన్న తెలివి వచ్చింది. దిగులు దేనివల్ల వచ్చినా చికిత్స ఉంది. జన్యువు నుంచి వచ్చిన దిగులు మందులకు లొంగదనీ, కష్టం నుంచి వచ్చిన దిగులుకు మందు అక్కర్లేదనీ ఎవరూ చెప్పలేదు.

ఇంట్లో పిల్లలకు షుగర్ ఉండి, అద్దాలు మార్చినా చూపు తగ్గుతూనే ఉంటే, షుగర్ డాక్టరుకు కన్ను సంగతి, కంటి డాక్టరుకు షుగర్ సంగతి రెండూ చెప్పండి. పిల్ల సరిగా నిద్రపోవడం లేదనో, ఊరికే విసుక్కుంటోందనో గమనిస్తే అదీ చెప్పండి. ప్రాణం మీద విరక్తి మాటలు వినిపిస్తే ఆ రోజే, ఆ గంటే కదలండి. టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఆసుపత్రిలో "కుటుంబంలో ఎవరికైనా ఏ జబ్బయినా ఉందా" అన్న గడి ఇచ్చినప్పుడు బీపీ, షుగర్ రాసి ఊరుకుంటాం. వెనకగదిలో ఉండిపోయిన బాబాయి పేరూ, పెళ్లి కాకుండా మిగిలిపోయిన మేనత్త పేరూ కూడా అక్కడ రాయండి. వాళ్లను గుర్తుపెట్టుకున్నది మనమే కాబట్టి, రాయగలిగింది కూడా మనమే.